మత్తులో ఉన్నవాళ్లకీ రాత్రి తలదాచుకునే చోటు: తోటివాళ్లే నడిపేలా ఎలా పెట్టాలి

రాజమండ్రి, కాకినాడ, భీమవరం వైపు నుంచి ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. "స్టేషన్ బయటా, రేవు మెట్ల మీదా మందు తాగో, మాత్రలు వేసుకునో మనుషులు పడిపోయి ఉంటున్నారు. రాత్రి బసకి తీసుకెళ్తే తాగి ఉన్నాడని లోపలికి రానివ్వట్లేదు. మేం కొందరం కలిసి ఇలాంటివాళ్ల కోసమే ఒక చోటు నడపాలంటే ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి?"

జవాబు ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఇది డీ-అడిక్షన్ సెంటర్ గురించి కాదు. ఎవరిచేతా ఏదీ మాన్పించడం ఈ చోటు పని కాదు. రాత్రి తొమ్మిదికి మత్తులో వచ్చిన మనిషి పొద్దున ఆరింటికి ప్రాణంతో, తన సంచీతో, తన చెప్పులతో బయటికి నడిచి వెళ్లాలి. ఆ పనిని అందరికన్నా బాగా చేయగలిగేది ఒకప్పుడు అదే మెట్ల మీద పడుకున్నవాళ్లు. వాళ్లనే ఇక్కడ తోటివాళ్లు అంటున్నాను. గురకకీ, గొంతులో గరగరకీ తేడా వాళ్లకు తెలుసు. అబద్ధం ఎప్పుడు ఆడతారో, ఎందుకు ఆడతారో కూడా తెలుసు.

మొదలుపెట్టే ముందు చట్టం సంగతి

"విదేశాల్లో నర్సు కళ్ల ముందే మత్తుమందు వాడుకునే కేంద్రాలున్నాయి కదా, మనమూ పెట్టొచ్చా?" అని కొందరు అడిగారు. కెనడాలోని వాంకూవర్‌లో 2003 నుంచి అలాంటిది నడుస్తోంది, అక్కడి ప్రభుత్వ అనుమతితో. మన దగ్గర కుదరదు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ అనే మత్తుమందుల చట్టం 25వ సెక్షన్ ప్రకారం, తమ ఆధీనంలో ఉన్న చోట ఆ చట్టం కిందికొచ్చే నేరం జరుగుతోందని తెలిసీ జరగనిచ్చినవాళ్లు కూడా శిక్షకు గురవుతారు. గది ఇచ్చిన యజమాని, తాళంచెవి మీ చేతిలో ఉంటే మీరు, రాత్రి కాపలా కూర్చున్న కుర్రాడు, అందరూ ఇరుక్కుంటారు. అందుకని మీ చోటుకి ఒకటే గీత ఉండాలి: వాడి వచ్చినవాళ్లని పంపేయకూడదు, లోపల ఎవరినీ వాడనివ్వకూడదు. మందుకి కూడా ఇదే నియమం పెట్టండి.

రెండో సంగతి. ఎవరి గంజాయినీ, మాత్రల్నీ "పొద్దున ఇస్తాలే" అని మీ దగ్గర దాచకండి. అది మీ దగ్గర దొరికితే మీదే అవుతుంది. సీలు తియ్యని మందు సీసా మాత్రం వేరే సంగతి. దాని గురించి గేటు దగ్గర పద్ధతిలో చెబుతాను.

మూడోది, 18 ఏళ్ల లోపు పిల్లలు. స్టేషన్ల దగ్గర సొల్యూషన్ (పంక్చర్లకి వాడే జిగురు), వైట్నర్ పీల్చే పిల్లలు కనిపిస్తారు. వాళ్లని పెద్దవాళ్ల మధ్య పడుకోబెట్టకూడదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసి, వాళ్లొచ్చేదాకా ఒక తోటి మనిషిని పక్కన కూర్చోబెట్టి, ఏదైనా తినిపించండి. దిక్కులేని పిల్లలు కనిపిస్తే 24 గంటల్లోగా తెలియజేయడం బాలల న్యాయ చట్టం ప్రకారం మన బాధ్యత.

కావలసినవి

మనుషులు: రాత్రికి ముగ్గురు. ఇద్దరు మెలకువగా, ఒకరు పక్క గదిలో పడుకుని పిలిస్తే లేచేలా. పది, పన్నెండు మంది బసకి ఇది సరిపోతుంది.

చోటు: పట్టణ నిరాశ్రయుల వసతి గృహాలకు కేంద్రం పెట్టిన లెక్క మనిషికి 50 చదరపు అడుగులు. అంటే 600 చదరపు అడుగుల హాల్లో 12 మంది. పదమూడో మనిషికి చోటు లేదని చెప్పడం కష్టమే, కానీ ఇరుకైతే అర్ధరాత్రి గొడవలు తప్పవు.

సామాను: చాపలు, దుప్పట్లు, దోమతెరలు, బకెట్లు, బ్లీచింగ్, తాళం వేసే చిన్న పెట్టెలు, సెకన్ల ముల్లున్న గోడగడియారం, టార్చి, ఇన్వర్టర్ లేదా ఛార్జింగ్ లైట్లు, సెల్ ఛార్జింగ్ పాయింట్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, పంచదార, గ్లూకోమీటర్, వేలికి పెట్టే ఆక్సీమీటర్, చేతి తొడుగులు, డెట్టాల్, కట్టు గుడ్డ, సూదులు వేయడానికి మూత గట్టిగా బిగిసే మందపాటి ప్లాస్టిక్ డబ్బా, ఒక రూళ్ల పుస్తకం.

మంచాలు వద్దు. మత్తులో దొర్లి పడితే తల పగులుతుంది. నేల మీద చాపే మంచిది.

గోడమీద పెద్ద అక్షరాలతో రాయాల్సిన నంబర్లు: అంబులెన్స్ 108, పోలీసు 112, పిల్లలకు 1098, మహిళలకు 181, మత్తు మానాలనుకునేవాళ్లకు 14446, మనసు బాగోనివాళ్లకు టెలి మానస్ 14416, హెచ్ఐవీ సందేహాలకు 1097.

ఇక పద్ధతి

1. ముందు మనుషులు, తర్వాతే గది

చాలామంది గది అద్దెకు తీసుకుని, బోర్డు రాయించి, ఆ తర్వాత మనుషుల్ని వెతుకుతారు. అప్పుడు దొరికేది జీతానికొచ్చే వాచ్‌మన్. వాచ్‌మన్ తన పని గేటు కాయడమనుకుంటాడు, అది అతని తప్పు కాదు.

ముందు సాయంత్రం పూట రేవుల దగ్గరికీ, స్టేషన్ దగ్గరికీ వెళ్లి కూర్చోండి. ఎవరు పడిపోయినా అక్కడివాళ్లు ఎవరి పేరు పిలుస్తారో గమనించండి. ప్రతి గుంపులోనూ అలాంటి మనిషి ఒకరుంటారు. తాను తాగినా, తాగకపోయినా పక్కవాడికి దుప్పటి కప్పేవాడు, గొడవైతే మధ్యలోకి వెళ్లేవాడు. మీకు కావలసింది ఆ మనిషి. పూర్తిగా మానేసినవాళ్లు కొందరు, బుప్రెనార్ఫిన్ (నల్లమందు జాతి మత్తుకి బదులుగా ఇచ్చే మందు) మాత్ర మీద ప్రభుత్వ చికిత్సలో ఉన్నవాళ్లు కొందరు, తగ్గించుకుంటూ ఉన్నవాళ్లు కొందరు, ఇలా కలిసి ఉండటం మంచిది. డ్యూటీ రాత్రి మాత్రం ఏమీ వాడకుండా రావాలి. వాడి వస్తే తిట్టకండి, ఉద్యోగం తీసేయకండి. ఆ రాత్రి అతనికీ ఒక చాప వేసి, ఇంకొకర్ని డ్యూటీకి పిలవండి. ఇది ముందే మాట్లాడుకుని ఉంటే, దాచిపెట్టి డ్యూటీ చేసే ప్రమాదం తప్పుతుంది.

డబ్బు ఇవ్వండి. మీ ఊళ్లో కూలికి ఎంత వస్తుందో అంతకు తగ్గకుండా, పొద్దున వెళ్లేటప్పుడు చేతిలో పెట్టండి. "సేవ కదా" అని వాళ్లచేత ఊరికే చేయించుకోవడం నాకు అస్సలు నచ్చని పని. సేవ అన్న పేరుతో రాత్రంతా మేల్కొంటే మర్నాడు కూలి పోతుంది, కూలి పోతే మళ్లీ అదే మెట్లు.

వరసగా రెండు రాత్రుల కంటే ఎక్కువ వేయకండి.

శిక్షణకి రెండు మూడు పూటలు చాలు. రెడ్‌క్రాస్ శాఖని అడిగితే గుండె నొక్కడం, నోటితో ఊపిరి ఊదడం నేర్పిస్తారు. మిగతాది ఒకరి మీద ఒకరు సాధన చేయడమే. ఒకరు పడుకుని ఊపిరి నెమ్మదిగా తీస్తుంటే ఇంకొకరు గడియారం చూస్తూ లెక్కపెట్టాలి, మూడోవాళ్లు పక్కన గట్టిగా మాట్లాడుతూ ఉండాలి. నిజం రాత్రి అలాగే ఉంటుంది.

2. చోటు ఎంచుకోవడం

వాళ్లు ఇప్పుడు పడుకునే చోటుకి నడిచి వెళ్లేంత దగ్గరలో ఉండాలి. ఆటో ఎక్కాలంటే రారు. కింది అంతస్తే కావాలి. గాలి ఆడాలి, మే నెలలో మా డెల్టా ఉక్కలో తాగిన మనిషికి వడదెబ్బ రాత్రి కూడా తగులుతుంది.

ఏటికి మరీ దగ్గరైతే వరద సంగతి ఆలోచించండి. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకి, రెండోది 13.75కి, మూడోది 17.75కి ఇస్తారు. జులై, ఆగస్టుల్లో మొదటి హెచ్చరిక రాగానే మీ వాళ్లు రేవులన్నీ తిరిగి, మత్తులో ఉన్నవాళ్లని లేపి తీసుకురావాలి. మైకులో చెప్పే హెచ్చరిక వాళ్లకి వినపడదు. లంకల్లోనూ, ఏటిగట్ల కింద పాకల్లోనూ ఒంటరిగా ఉండేవాళ్ల పేర్లు ముందే రాసి పెట్టుకోండి.

మరుగుదొడ్డి తలుపు బయటికి తెరుచుకోవాలి, గడియ బయట నుంచి కూడా తీయగలిగేలా ఉండాలి. లోపల పడిపోయిన మనిషి తలుపుకి అడ్డంగా ఉంటే లోపలికి తెరుచుకునే తలుపు తియ్యలేరు. వడ్రంగికి ఒక పూట పని. అన్నిటికన్నా ముందు చేయించాల్సింది ఇదే.

ఆడవాళ్లకి వేరే గది, వేరే మరుగుదొడ్డి, రాత్రి కాపలాకి ఆడవాళ్లే ఉండాలి. ఇది కుదరకపోతే మగవాళ్ల బసగానే మొదలుపెట్టి, ఆడవాళ్లు వస్తే ఎక్కడికి తీసుకెళ్లాలో ముందే మాట్లాడి పెట్టుకోండి. ఒకే హాల్లో తెర కట్టి సరిపెట్టకండి. హిజ్రాలు వస్తే ఏ గదిలో ఉంటారో వాళ్లనే అడగండి.

3. అనుమతులు, పోలీసు, ఇరుగుపొరుగు

మున్సిపల్ కమిషనర్‌కి ఒక దరఖాస్తు, మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) కార్యాలయానికి ఒక కాపీ, మీ పరిధిలోని స్టేషన్ హౌస్ ఆఫీసర్‌కి ఒక కాపీ ఇచ్చి, మూడింటి మీదా ముద్ర వేయించుకోండి. లోపల వాడనివ్వం అన్న నియమం ఆ కాగితంలోనే స్పష్టంగా ఉండాలి. పోలీసులతో కూర్చుని రెండు విషయాలు అడగండి: బయట గేటు దగ్గర కాపు కాసి వచ్చేవాళ్లని పట్టుకోవద్దనీ, ఏదైనా పని ఉంటే ముందు మీకు ఫోన్ చేయమనీ. ఒప్పుకోకపోతే మొదలుపెట్టకండి. ఒక్క రాత్రి గేటు ముందు జీపు ఆగితే మళ్లీ నెల రోజులు ఎవరూ రారు.

ఇరుగుపొరుగువాళ్ల దగ్గరికి మీరొక్కరే వెళ్లకండి, కాపలా ఉండబోయే తోటివాళ్లని వెంట తీసుకెళ్లండి. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు అర్ధరాత్రి తలుపు కొట్టినవాళ్లకి కూడా కులం, ఊరు అడగకుండా అన్నం పెట్టారని చెప్పుకునే గడ్డ ఇది. ఆ మాట గుర్తుచేస్తే చాలామంది మెత్తబడతారు. అయినా వాళ్ల భయం నిజమే కాబట్టి ఒక ఫోన్ నంబరు ఇచ్చి, ఏ రాత్రి గొడవ వినిపించినా చేయమనండి. చేస్తే ఎత్తండి.

4. గేటు దగ్గర

ఆధార్ అడగకండి. ఏ పేరుతో పిలవమంటే ఆ పేరు, ఒక చాప నంబరు, అంతే. ఇంటివాళ్ల నంబరు ఇస్తానంటే రాసుకోండి, లేకపోతే వదిలేయండి.

అడగాల్సినవి నాలుగు. ఏం వేసుకున్నారు, ఎంత, ఎన్నింటికి, ఎక్కడైనా పడ్డారా. అడిగే తీరు ముఖ్యం. మా వైపు తోటివాళ్లు ఇలా అడుగుతారు: "బాబాయ్, ఇయ్యాళ ఏం ఏసుకున్నావ్? తిట్టడానికి కాదు, రాత్రి నిన్ను కనిపెట్టుకుని ఉండాలి గదా." ఆ రెండో వాక్యం లేకపోతే "ఏం లేదు" అంటారు. మందుతో పాటు నిద్రమాత్రలో, నొప్పి మాత్రలో, ఇంజెక్షనో కలిసిందని తెలిస్తే ఆ చాప నంబరు పక్కన నక్షత్రం గుర్తు పెట్టండి. రాత్రి ప్రాణం మీదికొచ్చేది ఎక్కువగా ఈ కలిపి వేసుకున్నవాళ్లకే. అలాంటివాళ్లని తలుపుకి దగ్గరగా, లైటు కింద పడుకోబెట్టండి. మూలకి వద్దు.

జేబులు మీరు వెతకకండి. "లోపల ఏమీ వాడకూడదు, ఏమన్నా ఉంటే బయటే చూసుకుని రండి" అని చెప్పి, రెండడుగులు వెనక్కి జరగండి. సూది ఉంటే ఆ డబ్బాలో వాళ్ల చేతే వేయించండి. నిండిన డబ్బాని చెత్తలో వేయకుండా ఆసుపత్రి వ్యర్థాలతో పంపే ఏర్పాటు చేసుకోండి. సీలు తియ్యని క్వార్టర్ సీసా ఉంటే చీటీ కట్టి పెట్టెలో పెట్టి పొద్దున తిరిగివ్వండి. పారబోయకండి. రోజూ తాగే మనిషికి పొద్దున అది దొరక్కపోతే ఫిట్స్ రావచ్చు. పైగా పారబోశారన్న మాట రేవంతా పాకుతుంది. ఫిట్స్ మందులు, టీబీ మందులు ఉంటే వాళ్ల దగ్గరే ఉండనివ్వండి.

అగ్గిపెట్టె, బీడీలు గేటు దగ్గరే. బీడీ కాల్చుకోవడానికి వరండాలో ఇసుక డబ్బా పెట్టండి. దోమల చక్రం లోపల వెలిగించకండి, దుప్పటి అంటుకుంటుంది. దోమతెరలే వాడండి.

చెప్పులు బయట వదలమనకండి. రోడ్డు మీద పడుకునేవాళ్లు చెప్పుల్ని తల కింద పెట్టుకుని పడుకుంటారు, అవి పోతే మర్నాడు పనికి వెళ్లలేరు. చెప్పులతో సహా పెట్టెలో పెట్టి, తాళంచెవి దారానికి కట్టి మెళ్లో వేయండి. ఆ తాళంచెవి వల్లే చాలామంది మొదటిసారి కాళ్లు చాపుకుని నిద్రపోతారు.

అన్నం తినకుండా వచ్చినవాళ్లకి పెరుగన్నమో, గంజో ఇవ్వండి. పూర్తిగా మెలకువ ఉన్నవాళ్లకే.

5. రాత్రి కాపలా: ఊపిరి లెక్క

మిగతావన్నీ కొంచెం అటూ ఇటూ అయినా ఫర్వాలేదు, ఇది తప్పకూడదు.

అరగంటకోసారి హాలంతా తిరగాలి. నక్షత్రం గుర్తున్నవాళ్లని పది నిమిషాలకోసారి చూడాలి. అర్ధరాత్రి ఒంటిగంట నుంచి నాలుగు మధ్య కాపలావాళ్లకి కళ్లు మూతలు పడతాయి, ఆ సమయంలో ఇద్దరూ కలిసి తిరగండి. టార్చి ముఖం మీద వేయకండి. రోడ్డు మీద పడుకునేవాళ్లని ముఖం మీద లైటు వేసి, అరికాలి మీద లాఠీతో తట్టి లేపడం మామూలు, ఉలిక్కిపడి చెయ్యి విసురుతారు. వెలుగు ఛాతీ మీద పడేలా వేయండి. పాదాల వైపు నిలబడి చూడండి.

ఛాతీ పైకి లేచి దిగితే ఒకటి. నిమిషం నిండా లెక్కపెట్టండి, పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయకండి, మధ్యలో ఆగిపోయే ఊపిరి అలా దొరకదు. మామూలుగా 12 నుంచి 20 దాకా ఉంటుంది. 12 కంటే తగ్గితే లేపండి. 10 కంటే తగ్గినా, రెండు ఊపిరుల మధ్య 10 సెకన్లు దాటినా ఆపదే. పెదవులు, గోళ్లు నీలంగానో బూడిదరంగుగానో మారాయేమో చూడండి. నల్లటి ఒంటిరంగు వాళ్లకి పెదవి కొంచెం లాగి చిగుళ్లు చూస్తే బాగా తెలుస్తుంది.

గొంతులో నీళ్లు గరగరలాడినట్టు వచ్చే చప్పుడుని గాఢనిద్ర గురక అనుకోవడం అన్నిటికన్నా ప్రమాదకరమైన పొరపాటు. "హాయిగా గురకపెడుతున్నాడు, లేపకు" అన్న మాట మీ హాల్లో వినిపించకూడదు. లేపాలి. పేరు పెట్టి పిలవండి. పలక్కపోతే భుజం తట్టండి. అప్పటికీ పలక్కపోతే పిడికిలి కణుపులతో రొమ్ము ఎముక మీద గట్టిగా రుద్దండి. కళ్లు తెరిచి తిట్టాడంటే సంతోషించండి.

పడుకోబెట్టే తీరు: వెల్లకిలా వద్దు, వాంతి గొంతులోకి పోతుంది. ఎడమ పక్కకి ఒత్తిగిలేలా తిప్పి, పై కాలు మోకాలు దగ్గర మడిచి ముందుకి పెట్టి, పై చెయ్యిని చెంప కింద పెట్టండి. వీపు వెనక దుప్పటి చుట్ట ఆన్చితే మళ్లీ వెల్లకిలా తిరగరు. నోరు కొంచెం నేలవైపు ఉండాలి.

మరుగుదొడ్డికి వెళ్లినవాళ్లు ఐదు నిమిషాలైనా రాకపోతే తలుపు తట్టండి.

6. ఆపద వస్తే

ఊపిరి తగ్గి, లేపినా లేవకపోతే: ఒకరు 108కి ఫోన్. ఇంకొకరు తల వెనక్కి వంచి, గడ్డం ఎత్తి, ముక్కు మూసి, ఐదారు సెకన్లకొకసారి నోట్లోకి ఊపిరి ఊదాలి, ఛాతీ లేస్తోందో లేదో చూస్తూ. ఊపిరి పూర్తిగా ఆగి, నాడి కూడా అందకపోతే ఛాతీ మధ్య గట్టిగా, వేగంగా నొక్కడం మొదలుపెట్టాలి.

నల్లమందు జాతి మత్తుకి (హెరాయిన్, కొన్ని నొప్పి మాత్రల్లాంటివి) నాలోక్సోన్ అనే విరుగుడు ఉంది. మన దగ్గర ఎక్కువగా ఇంజెక్షన్ రూపంలోనే దొరుకుతుంది, డాక్టరు చీటీ కావాలి. మీతో కలిసి పనిచేసే డాక్టరు ఒకరుంటే, ఆయన రాసి ఇచ్చి, నేర్పించినవాళ్లే వేయాలి. మందు మీదా, నిద్రమాత్రల మీదా అది పనిచేయదు. అయినా ఏం వేసుకున్నారో తెలియని మనిషికి ఇస్తే హాని ఉండదు. ఒక సంగతి మర్చిపోకండి: దాని పని 30 నుంచి 90 నిమిషాల్లో అయిపోతుంది, మత్తు ఇంకా ఒంట్లో ఉండొచ్చు. "లేచాడు కదా" అని వదిలేస్తే మళ్లీ మునిగిపోతాడు. ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

ఫిట్స్ వస్తే: చుట్టూ ఉన్నవి తీసేసి, తల కింద గుడ్డ పెట్టి, టైము చూడండి. చేతిలో తాళాలగుత్తి పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం, నీళ్లు చల్లడం, ఉల్లిపాయ వాసన చూపించడం ఏవీ వద్దు. ఐదు నిమిషాలు దాటినా, వెంటనే రెండోసారి వచ్చినా, జీవితంలో ఇదే మొదటిసారైనా 108. మందు మానిన 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల వణుకు, జ్వరం, లేనివి కనిపించడం మొదలైతే అది ప్రాణాంతకం. అందుకే రోజూ తాగే మనిషిని "ఈ రాత్రి నుంచి మానెయ్" అని ఒట్టు వేయించుకోవడం మంచితనం అనుకోకండి. మానడం ఆసుపత్రిలో, మందుల సాయంతో జరగాలి.

తలకి దెబ్బ: ఇది మత్తు వెనక దాక్కుంటుంది. పడ్డానని చెప్పినవాళ్లు, నుదుటి మీద బొప్పి ఉన్నవాళ్లు గంట గంటకీ ఇంకా మగతగా అవుతుంటే, పదేపదే వాంతులవుతుంటే, ఒక కంటిపాప రెండోదానికన్నా పెద్దగా ఉంటే, చెవి నుంచో ముక్కు నుంచో రక్తం వస్తుంటే తెల్లారేదాకా ఆగకండి.

చక్కెర పడిపోవడం: రెండు రోజులు తిండి లేకుండా తాగినవాళ్లకి ఇది వస్తుంది, చూడ్డానికి అచ్చం మత్తులాగే ఉంటుంది. గ్లూకోమీటర్‌లో 70 కంటే తక్కువుంటే, మింగగలిగితే పంచదార నీళ్లు. మింగలేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108.

కల్తీ సారా, శానిటైజర్: కళ్లు మసకబారడం, కడుపునొప్పి, ఆయాసం మర్నాటికి కూడా బయటపడొచ్చు. 2020లో ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. ఒకరికి చూపు మసకబారిందంటే, అతనితో కలిసి తాగినవాళ్లందర్నీ వెతికి ఆసుపత్రికి పంపండి. బాగున్నామని చెప్పినా సరే.

మజ్జిగ, నిమ్మరసం పోస్తే దిగిపోతుందని మనవాళ్లకి గట్టి నమ్మకం. మగతలో ఉన్న మనిషి నోట్లో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించడం, చన్నీళ్లు కుమ్మరించడం, నడిపించడం కూడా అంతే చెడ్డవి.

ఎవరైనా చనిపోతే దాచకండి, కదిలించకండి. 108, 112 రెండింటికీ చెప్పి, పుస్తకంలో టైములతో సహా రాయండి. మర్నాడు మీ తోటివాళ్లు అందరూ ఒకచోట కూర్చోవాలి. వాళ్లకి పోయింది అతిథి కాదు, తమలో ఒకడు.

7. తెల్లారాక

ఆరింటికి అందర్నీ లేపి టీ ఇవ్వండి. ఇంకా మగతగా ఉన్నవాళ్లని గడియారం చూసి బయటికి పంపకండి. అన్న క్యాంటీన్ దగ్గరలో ఉంటే 5 రూపాయలకి టిఫిన్ దొరుకుతుంది, ఆ దారి చూపించండి.

టీ తాగే ఆ పావుగంటే మాట్లాడటానికి మంచి సమయం. రెండు వారాలకు మించి దగ్గున్నవాళ్లని టీబీ పరీక్షకీ, సూది వాడేవాళ్లని ఐసీటీసీలో (ప్రభుత్వ సలహా, పరీక్షా కేంద్రం) ఉచిత హెచ్ఐవీ పరీక్షకీ, మానాలని తామే అన్నవాళ్లని ప్రభుత్వాసుపత్రికీ పంపొచ్చు. పంపడమంటే చీటీ రాసివ్వడం కాదు, తోటి మనిషి వెంట వెళ్లి ఓపీ లైన్లో నిలబడటం. ఒంటరిగా వెళ్తే వాసన వస్తోందనో, ఆధార్ లేదనో తిరిగొస్తారు. కేసు భయం ఉన్నవాళ్లకి ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్ గురించి చెప్పండి: వాడుకున్నందుకో, కొద్ది మొత్తం దగ్గరున్నందుకో కేసు ఉన్న వ్యసనపరుడు తానుగా ప్రభుత్వ గుర్తింపున్న చోట చికిత్సకి ముందుకొస్తే విచారణ నుంచి మినహాయింపు పొందే వీలుంది. చికిత్స పూర్తి చేయాలి.

ఎవరూ అడగకపోతే మీరూ ఎత్తకండి. టీ తాగి వెళ్లిపోనివ్వండి.

తరచూ జరిగే పొరపాట్లు

గోడ నిండా నియమాలు రాయడం. నాలుగు చాలు: లోపల వాడకూడదు, అమ్మకూడదు, కొట్టుకోకూడదు, ఒకరి సామాను ఒకరు ముట్టకూడదు. తప్పినవాళ్లకి ఆ ఒక్క రాత్రి వరండాలో చాప. శాశ్వతంగా రావద్దనడం ఆయుధంతో వచ్చినవాళ్లకీ, ఆడవాళ్ల జోలికెళ్లినవాళ్లకీ మాత్రమే.

భజనలు, ఉపన్యాసాలు, ఏ మతం వాళ్ల ప్రార్థనలైనా సరే, రాత్రి పెట్టడం. ఇవ్వాలనుకునే దాతలు ఉంటారు, మర్యాదగా వద్దనండి.

ఫోటోలు. పుట్టినరోజుకి దుప్పట్లు పంచి, నిద్రపోతున్న ముఖాలతో సెల్ఫీ తీసుకుని వెళ్తారు. ఆ ఫోటో ఆ మనిషి కూతురి ఫోన్లోకి వస్తే ఏమవుతుందో ఆలోచించండి. గేటు లోపల కెమెరా వద్దని మొదటి రోజే నిర్ణయించుకోండి.

తోటివాళ్లని కాపలాకే పరిమితం చేసి, డబ్బు లెక్కలు, నిర్ణయాలు మీరే చూసుకోవడం. నెలకో మీటింగు పెట్టి, ఖర్చు పుస్తకం వాళ్ల ముందు తెరిచి చదవండి. ఎవరిని పెట్టుకోవాలి, ఎవరిని ఆపాలి అన్నది వాళ్ల ఓటుతోనే తేలాలి.

2027లో గోదావరి పుష్కరాలు. అలాంటప్పుడు రేవుల దగ్గర పడుకునేవాళ్లని ఊరి బయటికి తరలిస్తారు. మత్తులో ఉన్న మనిషి తెలియని చోట దిగితే మీ కంటికి దొరకడు. అధికారులతో ఇప్పటి నుంచే మాట్లాడి, ఆ రోజుల్లో మీ బసని రాత్రీ పగలూ తెరిచే ఏర్పాటు చేసుకోండి.

సరిగా నడుస్తోందో లేదో ఎలా తెలుస్తుంది

వారానికోసారి రూళ్ల పుస్తకం తీసి చూడండి. ఊపిరి లెక్కలన్నీ 16, 16, 16 అని ఒకే చేతిరాతలో వరసగా ఉంటే ఎవరూ లెక్కపెట్టలేదని అర్థం. నిజంగా చూసిన రాత్రి అంకెలు మారుతుంటాయి.

గేటు దగ్గర నిజం చెప్పేవాళ్లు పెరగాలి. మొదట్లో అందరి పేరు పక్కనా "మందు" అనే ఉంటుంది. కొన్ని వారాలకి "మందు, రెండు నిద్రమాత్రలు" అని కనిపించడం మొదలైతే మీ వాళ్లని నమ్ముతున్నారన్నమాట.

108కి ఎన్నిసార్లు ఫోన్ చేశారో, ఎంతసేపట్లో వచ్చిందో రాయండి. ఫోన్లు పెరిగితే కంగారుపడకండి, కాపలా బాగా ఉన్నప్పుడే ఆపదలు ముందుగా కనపడతాయి. బండి రావడం ఆలస్యమవుతుంటే ఆ లెక్కతోనే ఆసుపత్రి సూపరింటెండెంట్‌ని కలవండి, రాత్రికి ఒక ఆటో డ్రైవర్‌ని కూడా మాట్లాడి పెట్టుకోండి.

వచ్చి ఆగిపోయినవాళ్ల పేర్లు చూడండి. వరసగా వచ్చే మనిషి మూడు రాత్రులు కనపడకపోతే తోటివాళ్లలో ఒకరు పొద్దున్నే రేవుకీ, స్టేషన్‌కీ, ఆసుపత్రికీ వెళ్లి వెతకాలి. మీ వాళ్లతో గొడవపడి మానేసి ఉంటే, ఆ గొడవ ఏమిటో అతని నోటితోనే వినండి, మీటింగులో పెట్టండి.

ఇక కాపలావాళ్లు. వాళ్లు నిద్రపోతున్నారా, తింటున్నారా, మళ్లీ వాడటం మొదలైందా అని నెలకోసారి ఒక్కొక్కరితో విడిగా కూర్చుని అడగండి. రెండు నెలల్లో సగం మంది మానేస్తే డబ్బో, డ్యూటీల వరసో తేడాగా ఉందని అర్థం. అప్పుడు కొత్తవాళ్లని వెతికే ముందు చాపల సంఖ్య తగ్గించి, ఉన్నవాళ్లకి విశ్రాంతి ఇవ్వండి.